రాంగెల్ బాబాయ్ కాచిన సారా

పెర్నిక్‌లో గోడ మీద పేరెక్కాలంటే మనిషి ముందు చచ్చిపోవాలి. నల్ల అంచు కాగితం మీద ఫొటో వేసి గుమ్మానికి అంటిస్తారు. రాంగెల్ బాబాయ్ మాత్రం నిక్షేపంలా బతికుండగానే ఎక్కేశాడు. లిఫ్టులో, అద్దం పక్కన, ఎర్ర సిరాతో: "నాలుగో అంతస్తు రాంగెల్ వ్లాయ్‌కొవ్, వేడి తగలేసే మనిషి. ఈయన పుణ్యమా అని బిల్డింగంతటికీ చెడ్డపేరు."

నిజానికి ఆయన ఏ తప్పూ చేయలేదు. అయినా ఆ కాగితం చింపలేదు, చింపమని ఎవరినీ అడగలేదు. లిఫ్టెక్కినప్పుడల్లా తన పేరు చదువుకుని, అద్దంలో చూసుకుంటూ మీసం దువ్వుకుని, "అక్షరాలు ఇంకాస్త పెద్దవి రాయాల్సింది" అనేవాడు.

ఆయనకున్నది ఒక్కటే జబ్బు. ఎవరింటికి వెళ్లినా మనుషుల కంటే ముందు గది వెచ్చబెట్టే రేడియేటర్‌ని పలకరించేవాడు. గుమ్మంలో బూట్లు విప్పి, నిలబడ్డ ఇంటివాళ్లని దాటుకుని, కిటికీ కింద ఉన్న ఆ ఇనప పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. అప్పుడు కళ్లు తెరిచి, "ఆఁ, నా బొగ్గే!" అని, ఆ తర్వాత ఇంటావిడకి నమస్కారం చెప్పేవాడు.

ఊళ్లో గనులున్నాయి. గనిలో బొగ్గు పక్కనున్న విద్యుత్ కేంద్రానికి పోతుంది, అక్కడ నీళ్లు కాగుతాయి, ఆ నీళ్లు పైపుల్లో ఇంటింటికీ తిరుగుతాయి. రాంగెల్ బాబాయ్ మీసం రాని వయసు నుంచి నడుం వంగేదాకా ఆ బొగ్గే తవ్వాడు. కాబట్టి ఆయన లెక్కలో ఊళ్లో ఉన్న వేడంతా ఆయనదే. మిగతావాళ్లు వాడుకుంటున్నారంతే.

"నువ్వు తవ్వింది ఎప్పుడో బూడిదైపోయుంటుంది బాబాయ్" అని ఎవరైనా అంటే, "కొండల్లో అన్నేళ్లు ఆగిన బొగ్గు. నాలుగేళ్లు గోదాములో ఆగలేదా? దానికేం తొందర?" అనేవాడు.

ఒకసారి పంటి డాక్టరు కుర్చీ దాకా వెళ్లి, మళ్లీ లేచి రేడియేటర్ దగ్గరికి నడిచాడు. "మన గనిదే. కాకపోతే స్తోయిల్ గాడి షిఫ్టులో తవ్వింది. పొగెక్కువ, కాక తక్కువ. నువ్వు కానియ్యి నాయనా" అని నోరు తెరిచాడు. కింది అంతస్తులో జుట్టు కత్తిరించే దుకాణం నడిపే రుమ్యానా దగ్గరికొస్తే, ఆడవాళ్ల తల మీద ఊదే వేడిగాలి టోపీ కింద చెయ్యి పెట్టి చూసేవాడు.

"అది కరెంటు బాబాయ్" అనేది రుమ్యానా.

"కరెంటు మాత్రం ఎక్కడిది పిల్లా? నా బొగ్గే!"

బిల్డింగు పెద్దరికం ఎవరూ తీసుకోనంటే చివరికి రుమ్యానా నెత్తిన పడింది. లిఫ్టులో కాగితం ఆమె రాసింది కాదు, పాత పెద్ద అంటించిపోయాడు. తగువులు మాత్రం ఆమెకే మిగిలాయి.

తగువులన్నీ ఆ గొట్టాలతో మొదలయ్యాయి. అంతకుముందు వేడి గాలిలాంటిది. ఇల్లు మండిపోతుంటే కిటికీ తెరిచేవాళ్లు, అంతే. ఆ తర్వాత లెక్కల కంపెనీవాళ్లొచ్చి ప్రతి రేడియేటర్‌కీ వేలెడంత గాజు గొట్టం బిగించి పోయారు. లోపల నీలం రంగు ద్రవం. రేడియేటర్ కాగినకొద్దీ అది ఆవిరై దిగుతుంది. ఎవరి గొట్టంలో ఎంత దిగిందో చూసి, బిల్డింగు మొత్తం వాడిన వేడిని ఆ లెక్కన పంచుతారు.

అంతే, ఊరంతా శాస్త్రవేత్తలైపోయారు. కొందరు గొట్టానికి తడి మేజోళ్లు తొడిగారు. కొందరు దాని ముందు ఐసుముక్కలు పెట్టారు. ఆరో అంతస్తు పోస్టాఫీసు మేడమ్ అయితే, గొట్టానికి వేడి కనపడకూడదని అన్నింటికీ మందంగా ఉన్ని శాలువలు చుట్టింది. శాలువ లోపల గొట్టానికి ఇంకా ఉక్కపోసి, నీలం చుక్క మిగల్లేదు. బిల్లు చూశాక ఆవిడ ఆ వేసవంతా నల్లబట్టలు కట్టుకుంది. అడిగితే చుట్టం పోయాడంది.

ఇంత శాస్త్రం జరిగాక కూడా మొదటి ఏడాది లెక్కలో రాంగెల్ బాబాయ్ గొట్టాలే అందరికంటే ఎక్కువ ఖాళీ అయ్యాయి. చలికాలంలో ఎవరు తలుపు తట్టినా చెమటలు కక్కుతూ బనీనుతో వచ్చేవాడు, మెడలో తువ్వాలు. అందుకే లిఫ్టులో ఆ కాగితం.

పక్క ఫ్లాటు ఎవ్లాంపియాది. గని క్యాంటీనులో వంటావిడ, రిటైరైంది. ఒకే గోడకి అటు ఆవిడ, ఇటు ఈయన. ఆవిడ తన రేడియేటర్లన్నీ కట్టేసుకుంది. "పొయ్యి ముందు బతికినదాన్ని. నా ఎముకల్లో కావలసినంత వేడుంది" అనేది. పింఛను చాలదని ఆవిడ నోటంట ఎవరూ వినలేదు. రుమ్యానా ఒకసారి గిన్నెడు సూపు పట్టుకెళ్తే, ఎవ్లాంపియా గుమ్మంలోనే అందుకుని, మర్నాడు ఆ గిన్నె నిండా జున్ను రొట్టెలు చేసి తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది. ఊరికే ఇచ్చింది తీసుకునే మనిషి కాదు.

రోజూ సాయంత్రం రాంగెల్ బాబాయ్ గోడ మీద గుద్దేవాడు. అన్ని అంతస్తులకీ వినపడేది.

"దొంగా! వేడి దొంగా! నా బొగ్గు తిని బతుకుతున్నావ్!"

"నీ మొహంలా ఉంది నీ బొగ్గు!" గోడ అవతలి నుంచి. "అదీ సగం సగమే వస్తోంది! ఇంకాస్త తిప్పు, నా కాళ్లు చల్లగా ఉన్నాయి!"

"పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు! గోడని అరెస్టు చెయ్యమను!"

మెట్ల మీద జనం ఆగి విని నవ్వుకుని వెళ్లేవాళ్లు. ఆయన ఎలాగూ ఊరందరినీ దొంగలనే అంటాడు, ఆవిడని కాస్త గట్టిగా అంటాడు అనుకునేవాళ్లు.

రెండో చలికాలం మధ్యలో, బిల్డింగు పెట్టిన ఫిర్యాదు మీద రాజధాని సోఫియా నుంచి లెక్కల కంపెనీ మనిషి వచ్చాడు. పేరు చావ్దార్. మంచివాడు. అదే చిక్కు. న్యాయం జరగకపోతే ఆయనకి తిన్నది అరగదు.

రుమ్యానా ఆయన్ని వెంటబెట్టుకుని ముందు ఎవ్లాంపియా ఇంటికి తీసుకెళ్లింది. గొట్టాల్లో నీలం అంగుళమైనా దిగలేదు. మరలు తుప్పుపట్టాయి. కానీ గది గడ్డకట్టలేదు. మంచం మధ్యగోడకి అతుక్కుని ఉంది. ఎవ్లాంపియా గోడకి వీపు ఆనించి, ఎండలో పిల్లిలా కూర్చుని మేజోడు అల్లుతోంది.

"చలెయ్యడం లేదా అమ్మా?" అన్నాడు చావ్దార్.

"చలి సోఫియా వాళ్లకేస్తుంది" అంది ఆవిడ తలెత్తకుండా.

తర్వాత రాంగెల్ బాబాయ్ ఇల్లు. వంటింట్లో కిటికీ బార్లా తెరిచి ఉంది, పరుపు అక్కడే నేల మీద ఉంది. గోడ వైపు గదిలోకి అడుగు పెడితే పెనం మీద కాలు వేసినట్టుంది. రెండు రేడియేటర్లూ ఆఖరికంటా తిప్పి ఉన్నాయి. గదిలో మనిషి పడుకునే జాడ లేదు. బీరువా గోడకి దూరంగా జరిపి ఉంది. ఆ గోడ మీద, పోయిన భార్య నేసిన తివాచీ వేలాడేదని రుమ్యానాకి తెలుసు. ఇప్పుడది లేదు. రెండు మేకులూ, వాటి మధ్య తెల్లగా మిగిలిన చతురస్రమూ ఉన్నాయి.

చావ్దార్ గొట్టం మీదికి వంగి కళ్లజోడు తుడుచుకుంటుంటే, రుమ్యానా బాబాయ్‌ని వంటింట్లోకి లాగింది.

"తివాచీ ఏది?"

"చిమటలు కొట్టేశాయి."

"బాబాయ్!"

రాంగెల్ బాబాయ్ కిటికీలోంచి మంచు కేసి చూశాడు. గనిలో ఉడికిన ఒళ్లు ఆయనది, వేడంటే గిట్టదు. "తివాచీ అడ్డంగా ఉంటే వేడి అటు పోవడం లేదు" అన్నాడు గొంతు తగ్గించి. "ముందు మర్యాదగానే పిలిచాను పిల్లా. వచ్చి మా ఇంట్లో కూర్చోమన్నాను. మొహం మీద తలుపేసింది, నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక రోజు గోడ గుద్ది, దొంగా అన్నాను. మర్నాటికల్లా మంచం గోడకి జరిపేసింది! బిచ్చం వేస్తే పుచ్చుకోదు. దొంగతనమైతే దర్జాగా చేస్తుంది. పెర్నిక్ ఆడమనిషి కదా."

ఆ చివరి మాట అంటుంటే ఆయన బనీను కింద రొమ్ము విరుచుకోవడం రుమ్యానా చూసింది.

ఇంతలో చావ్దార్ వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. "రాంగెల్ గారూ, మీరు నిర్దోషి! మీ వేడంతా గోడలోంచి పక్కింటికి పోతోంది. ఈ వారమే గోడకి వేడి దాటకుండా ఆపే నురగ పలకలు బిగించేస్తాం. పైసా ఇవ్వక్కర్లేదు. ఇవాళ మీటింగులో అందరి ముందూ మీ పరువు నిలబెడతాను."

"నా పరువు జోలికి రాకు" అన్నాడు రాంగెల్ బాబాయ్. రంగు పోయింది ఆయన మొహంలో.

చావ్దార్ వినలేదు. న్యాయం చేసేవాళ్లకి వినే అలవాటు ఉండదు.

సాయంత్రం మీటింగు కింద మెట్ల మీద. ఏ అంతస్తు వాళ్లు ఆ ఎత్తు మెట్టు మీద కూర్చుంటారు. ఎవ్లాంపియా శాలువా బిగించుకుని వచ్చింది. రుమ్యానా ఆవిడ మీంచి చూపు తిప్పలేకపోయింది. పలకలు వేస్తే ఈ చలికి ఆవిడ ఏమవుతుంది? తివాచీ సంగతి బయటపడితే, పలకలు లేకపోయినా ఆవిడ మంచం గోడ దగ్గర ఉండనిస్తుందా?

"మీరంతా ఈయనకి క్షమాపణ చెప్పాలి" అని మొదలెట్టాడు చావ్దార్. "వేడి తగలేసింది ఈయన కాదు. అసలు ఆ గోడ మీద మేకులూ, తెల్ల మచ్చా చూస్తే తెలుస్తోంది, అక్కడ ఉండాల్సిన తివాచీ కూడా..."

"సారా!" అని అరిచాడు రాంగెల్ బాబాయ్.

అందరూ తలలు తిప్పారు.

"సారా కాస్తున్నాను. గొట్టాలు పెట్టిన నాటి నుంచి. రేడియేటర్ మీద. ప్లమ్ పళ్ల సారా. వేడి తగలేసింది నేనే. రాసుకోండి."

"అసాధ్యం!" అన్నాడు చావ్దార్. "ఆ నీళ్ల వేడి సారా కాయడానికి చాలదు."

"మీ సోఫియా వాళ్లకి చాలదు నాయనా. పెర్నిక్ వాళ్లకి చాలుతుంది."

మెట్ల మీద గాలి మారిపోయింది. అప్పటిదాకా రాంగెల్‌ని తినేసేలా చూసిన రెండో అంతస్తు బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. "చాలదని చెప్పడానికి నువ్వెవరయ్యా? మా నాన్న ఇస్త్రీపెట్టె మీద కాచాడు!"

"మా మావయ్య మోటారుసైకిలు ఇంజను మీద!" అంది పోస్టాఫీసు మేడమ్.

"ఇది భౌతికశాస్త్రం..." అని చావ్దార్ అంటుంటే, "మా ఊరికొచ్చి మాకు శాస్త్రమా!" అని అన్ని అంతస్తులూ గయ్యిమన్నాయి.

ఆయన చివరికి ఎవ్లాంపియా వైపు తిరిగాడు. "అమ్మా, గోడ పక్కనుండేది మీరు. నిజం మీరే చెప్పాలి. రెండేళ్లు సారా కాస్తే వాసన రావాలి కదా. వచ్చిందా?"

రాంగెల్ బాబాయ్ మీసం వణకడం రుమ్యానాకి కనిపించింది. ఎవ్లాంపియా లేచింది. శాలువా సర్దుకుంది. ఒకసారి చావ్దార్‌ని, ఒకసారి రాంగెల్‌ని చూసింది.

"రాకేం?" అంది. "సాయంత్రమయ్యేసరికి గోడకి వీపు ఆనిస్తే మత్తెక్కిపోతోంది. అదీ నాసిరకం సారా. పళ్లు మగ్గకుండానే కాచేస్తాడు, తొందర మనిషి."

"నాసిరకమా?" రాంగెల్ బాబాయ్ మెట్టు మీంచి దూకినంత పని చేశాడు. "నా సారా నాసిరకమా? వంట వచ్చినదానిలా మాట్లాడకు! నీ క్యాంటీను సూపులో చిక్కుడు గింజ కోసం దీపం పెట్టుకుని వెతికేవాళ్లం!"

"వెతికి మూడు గిన్నెలు తాగేవాడివి!"

లేని సారా మీద వాళ్లిద్దరూ అలా కొట్టుకుంటుంటే, మీటింగు ఏకగ్రీవంగా తీర్మానించింది: పలకలు అక్కర్లేదు, రాంగెల్ నేరస్తుడే, మన నేరస్తుడు. రుమ్యానా అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఇలాంటి మెట్ల కింద దుకాణం పెట్టుకున్నందుకు ఆమెకి మొదటిసారి గర్వంగా అనిపించింది. చావ్దార్ కాగితాలు సంచీలో పెట్టుకుని బయటికి నడిచాడు. మళ్లీ గుమ్మం దాకా వెనక్కొచ్చి, రాంగెల్ బాబాయ్ చెవిలో, "ఒక సీసా దొరుకుతుందా?" అన్నాడు.

ఆ చలికాలం రాంగెల్ బాబాయ్‌కి కొత్త కష్టాలొచ్చాయి. బిల్డింగులో ప్రతివాడూ గ్లాసు పట్టుకుని తలుపు తట్టేవాడు. పాపం, పల్లెలో ఉన్న బావమరిది దగ్గర నుంచి సారా మోసుకొచ్చి, పాత జాడీల్లో పోసి, రేడియేటర్ మీద వరసగా పెట్టుకోవాల్సి వచ్చింది. మొదటి సీసా గోడ అవతలికి వెళ్లింది. "దొంగసొత్తుకి జరిమానా" అని ఎవ్లాంపియా లాక్కుపోయిందని ఆయన అందరికీ ఫిర్యాదు చేశాడు.

మరుసటి ఏడు ఊళ్లో చాలామందిలాగే రుమ్యానా కూడా దుకాణం మూసి స్పెయిన్‌లో పనికి బయల్దేరింది. ఆమె పెట్టె రాంగెల్ బాబాయే కిందికి మోశాడు. ఎవరినీ మొయ్యనివ్వలేదు. బస్సు ఎక్కేముందు ఆమె అడిగేసింది, ఏడాదిగా కడుపులో దాచుకున్న ప్రశ్న.

"బాబాయ్, తివాచీ నువ్వే తీశావని ఆవిడకి తెలుసా? ఆ రోజు వాసన వచ్చిందని ఎందుకు చెప్పింది?"

రాంగెల్ బాబాయ్ పెట్టె బస్సులోకి తోసి, చేతులు దులుపుకున్నాడు.

"నేనడగలేదు పిల్లా. నువ్వూ ఎప్పుడూ అడక్కు. ఒకసారి అడిగామంటే గోడకి అటూ ఇటూ ఇద్దరికీ చలేస్తుంది."