ఫొటో అంచున మోచెయ్యి

మా మేనత్త ఫొటోల్ని నమ్మదు. ఫొటో స్టూడియోలో జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి మరి! ఎన్ని మొటిమలు మాయం చేసిందో, పెళ్లి ఫొటోల్లోంచి పోట్లాడుకున్న చుట్టాల్ని ఎంత శుభ్రంగా ఎత్తేసిందో ఆవిడకే తెలుసు. అందుకే టూత్‌పేస్టు అట్ట మీద నవ్వే డాక్టరుని కూడా నిలదీస్తుంది. "వీడు డాక్టరేనా? కోటు మడతలు చూడు, ఇప్పుడే పెట్టెలోంచి తీసి తొడిగినట్టు లేదూ?" ఆవిడతో బజారుకెళ్తే ప్రాణం విసిగిపోతుంది, ఒట్టు.

అలాంటి అత్తే ఆ రోజు మాకు దిక్కయింది. నాన్న బస్సు డ్రైవరు. ఒక ఫొటోలో బస్సు మెట్ల దగ్గర నాన్న చెయ్యెత్తి నిలబడ్డాడు, ఎదురుగా ఒక ముసలాయన ముడుచుకుపోయి ఉన్నాడు. ఆ ఫొటో ఊరంతా ఫోన్లలో తిరిగింది. డిపోవాళ్లు నాన్నని డ్యూటీకి రావద్దన్నారు. మర్నాడే విచారణ. తేడా వస్తే ఉద్యోగం ఊడినట్టే.

అత్త కళ్లజోడు తుడుచుకుని ఫోను ముక్కుదాకా తెచ్చుకుంది.

"కింద నుంచి తీశాడు, చూశావా? అందుకే మీ నాన్న తాడిచెట్టంత కనిపిస్తున్నాడు. వెలుగంతా ముసలాయన మొహం మీదే. చూసేవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది, జాలి పుడుతుంది. తర్వాత ఆ చెయ్యి కనిపిస్తుంది, ఒళ్లు మండుతుంది. ఇంకేం ఆలోచిస్తాడు, నా మొహం!" అని అంచు మీద వేలు పెట్టింది. "ఈ మోచెయ్యి ఎవరిది? ఎవణ్ణో కోసేశారు. కిందా కోశారు, ఎవరి కాళ్లూ లేవు. ఇందులో ఏదో మతలబు ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. "పోనీలే అక్కా," అన్నాడు. అవమానంతో కుంగిపోయాడనుకున్నాం.

ఫొటో తీసింది బస్టాపు పక్కనుండే దర్జీ అని ఆరా తీసి, ఇద్దరం వెళ్లాం. అత్త వెళ్తూనే జగడానికి దిగింది. "ఏమయ్యా, ఎవరు చెప్తే కోశావు? అసలుది బయటపెట్టు!"

దర్జీ మిషను ఆపి, ఆవిడనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "వద్దమ్మా," అన్నాడు. అత్త వింటుందా! చెయ్యి చాపి అలాగే నిలబడింది.

పూర్తి ఫొటోలో ఆ మోచెయ్యి కండక్టరుది. నాన్న భుజం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. కింద మెట్టు మీద ముసలాయన కళ్లజోడు ముక్కలై పడి ఉంది. అంటే ఒక దెబ్బ అప్పటికే పడింది. ఎత్తిన చెయ్యి రెండో దెబ్బకి.

"స్టాపు దాటించావేంటని ఆ ముసలాయన అడిగాడు, అంతే," అన్నాడు దర్జీ. "పెద్దాయన తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా, అందుకని పంపాను. ఇదంతా చూపిస్తే మీవాడికి ఇంకెక్కడా పని దొరకదని కోశాను."

అత్త ఆ పూర్తి ఫొటోని తన ఫోనులోకి పంపించుకుని ఇంటిదారి పట్టింది. నాకు నాన్న మీద కోపమొచ్చింది. దర్జీ మీద ఇంకా ఎక్కువొచ్చింది, ఎందుకో అడక్కండి.

మేం గుమ్మంలోకి రాగానే నాన్న లేచి కూర్చున్నాడు. "దొరికిందా అక్కా? ఆ కళ్లజోడు ఒక్కటీ చెరిపెయ్యవా? నీకదెంత పని!"

కళ్లజోడు సంగతి మేమింకా చెప్పనే లేదు.

అత్త ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. "కొట్టావా?"

"ఫొటో చూశావుగా, ఇంకా నన్నడుగుతావేంటి?"

"ఫొటోని నేనెప్పుడు నమ్మానురా! నువ్వు చెప్పు."

నాన్న నా వైపు చూడలేదు. "కొట్టానక్కా," అన్నాడు.

"నమ్మాన్రా," అంది అత్త, ఏడుస్తూ. "రేపు అక్కడా ఇదే చెప్పు."