తెరుచుకోని కత్తితో చీరాల దాకా

శనివారం పొద్దున ఆరుంబావుకి నేను గుంటూరు స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి చీరాల వెళ్ళే రైలు ఆఖరి పెట్టె నన్ను దాటిపోయింది. ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్తే, బాపట్ల మీదుగా వెళ్ళే బస్సు కూడా అప్పుడే కదిలిందన్నారు. చిలకలూరిపేట బస్సు మాత్రం సిద్ధంగా ఉంది. పేటలో మారితే పర్చూరు మీదుగా చీరాల చేరొచ్చు. మామూలు రోజైతే మంచి దారే. ఆ రోజు మాత్రం పర్చూరు దాటాలంటే నాకు భయంగా ఉంది. అక్కడ మా మామగారు సుబ్బారావుగారుంటారు. ఆయన మడత కత్తి నా జేబులో ఉంది.

అది నా జేబులోకి వచ్చి మూడు వారాలైంది. ఆయన స్నేహితుడు, రిటైరైన బడిపంతులు యోహాను మాస్టారు ఆ రోజు పర్చూరులో మా అత్తారింట్లో కత్తి తెరిచి ఇస్తే, మామగారు బొప్పాయి కోసి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చారు. ఆయన పక్కన పెడితే, మాటల్లో పడి నేను దాన్ని మడిచి జేబులో వేసుకున్నాను. ఆ ప్యాంటుతోనే గుంటూరు వచ్చేశాను. ప్యాంటు వాషింగ్ మెషీన్‌లో తిరిగి, ఆరి, అలమరలో మడతల కింద పడుకుంది. మొన్న ఇస్త్రీ చేస్తూ మా ఆవిడ పద్మ దాన్ని బయటికి తీసి, ఏమీ అనకుండా నా కాఫీ కప్పు పక్కన పెట్టింది.

ఏమీ అనకపోవడానికి కారణం ఉంది. కత్తి పోయిన మర్నాడు మామగారు టీ కొట్లో నలుగురి ముందు, ఆఖరిసారి నీ చేతిలోనే కదా చూశాను మాస్టారూ, అన్నారట. మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచి వెళ్ళిపోయారట. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఈ సంగతి పద్మ ఫోన్లో విని నాకు చెప్పినప్పుడు, పాపం, పెద్దవాళ్ళకి చాదస్తం పెరుగుతుందని నేను జాలిపడ్డాను కూడా.

పట్టుకెళ్ళి ఇచ్చేస్తే సరిపోయేదే. కానీ కత్తి తెరుచుకోవడం లేదు. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఘర్షణ మీద ఏటా పది క్లాసులు తీసుకుంటాను. అంచేత ధైర్యంగా మొదలుపెట్టాను. బొటనవేలి గోరు విరిగింది. కొబ్బరినూనె పోశాను, ఇంకా బిగిసింది. ఫోన్లో ఎవరో వీడియోలో చెప్పారని కీలు దగ్గరి మేకుని సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాను. దాంతో అది కత్తి కాకుండా కొమ్ముపిడి ముక్కగా మిగిలింది. మా కాలేజీలో చీరాల ఆయన ఒకరు, తమ ఊళ్ళో మగ్గాల సామాను బాగుచేసే మెకానిక్ ఉన్నాడని, ఏ కీలైనా అతని చేతిలో లొంగుతుందని చెప్పారు. ముందు చీరాల వెళ్ళి బాగుచేయించి, తర్వాత పర్చూరులో దిగి, ఏమీ జరగనట్టు మామగారి చేతిలో పెట్టాలనేది నా పథకం.

ఏడుంబావుకి బయల్దేరిన బస్సు ఎనిమిదిన్నరకి పేట చేరింది. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పత్తి లారీ ముందు వెళ్తుంటే దూది పీచులు కిటికీలోంచి వచ్చి నా చొక్కా మీద వాలాయి. పేట బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీ తిన్నాను. అల్లం పచ్చడి బాగుంది, రెండోసారి అడిగితే విసుక్కోకుండా వేశారు. తొమ్మిదింటికి చీరాల బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

బస్సు కదిలాక జేబులోంచి కత్తి తీసి ఇంకోసారి ప్రయత్నించాను. నడవకి అవతలి సీట్లో ఒక పురుగుమందుల షాపు గుమాస్తా ఉన్నాడు. కాసేపు చూసి, ఇటివ్వండి సార్ అన్నాడు. రుమాలు చుట్టి లాగాడు. పళ్ళతో పట్టి లాగబోతే నేనే ఆపాను. మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగాడు. మీరేం చేస్తుంటారని అడిగాడు. ఫిజిక్స్ చెబుతానన్నాను. అతను నన్నూ కత్తినీ మార్చి మార్చి చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు.

పర్చూరు వచ్చేసరికి నేను సీట్లో కిందికి జారి, మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాను. మామగారు ఆ వేళప్పుడు బస్టాండు వైపు రావచ్చు. అయిదారుగురు ఎక్కారు. ఎవరో వచ్చి నా పక్కన కూర్చున్నారు. తెల్లచొక్కా, చేతిలో గుడ్డ సంచి. పేపరు అంచునుంచి చూస్తే యోహాను మాస్టారు.

ఆయన నన్ను గుర్తుపట్టి, అల్లుడుగారా, పర్చూరులో దిగకుండా ముందుకెళ్తున్నారేంటని ఎంతో సంతోషంగా పలకరించారు. చీరాలలో పని ఉందన్నాను. తనకీ చీరాలలోనే పనన్నారు. ఏం పనని అడిగాను, అడక్కుండా ఉండాల్సింది.

"మీ మామకి ఒక మడత కత్తి కొందామని. అలాంటిదే దొరికితే వాడి చేతిలో పడేసి, ఈ గొడవకి ఒక దండం పెట్టేస్తాను. ఈ వయసులో ఇంకెన్నాళ్ళు పడను దొంగ పేరు?"

సరిగ్గా అప్పుడే నడవ అవతలినుంచి గుమాస్తా చెయ్యి చాపాడు.

"ఇదిగోండి సార్ మీ కత్తి. నా వల్ల కాలా."

కత్తి మాస్టారి మొహం ముందునుంచే నా చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని చూశారు. నన్ను చూశారు. నేను వాషింగ్ మెషీన్‌తో సహా మొత్తం చెప్పేశాను. మంచం కింద దొరికిందని చెబితే ఎవరికీ బాధ ఉండదని కూడా నసిగాను.

"అప్పుడు మంచం దొంగవుతుంది," అన్నారాయన. "ఆ టీ కొట్లో కూర్చునేవాళ్ళు సగం మంది నా దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే. వాళ్ళ ముందన్నాడు మీ మామ. మీరూ వాళ్ళ ముందే చెప్పాలి. అదొక్కటే నేనడిగేది."

సరేనన్నాను.

మాట తీసుకున్నాక ఆయన చెయ్యి చాపారు. కత్తిని వాసన చూసి, కొబ్బరినూనెనా అన్నారు. వెలుతురుకి పట్టి కీలు చూశారు. సబ్బుపొడి ఎండి కీల్లో అట్టకట్టిందని, నూనె దానికి తోడై ముద్దయిందని, తుప్పు పెద్దగా లేదని చెప్పారు. మేకు తల చదునుగా ఉండటం చూసి, దీన్ని ఎవరు కొట్టారన్నారు. నేనేనన్నాను. జిగురు కరిగించకముందే బిగించేశారన్నమాట, అన్నారు. ముప్పై ఏళ్ళపాటు పిల్లల కంపాసులు బాగుచేశారట. ఏ కీలు బిగిసినా బలం ఆఖరికి వాడాలి గానీ మొదట్లో కాదన్నారు. క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నట్టుంది నాకు.

పదిన్నరకి చీరాలలో దిగాం. మెకానిక్ కొట్టు దొరికింది గానీ, అతను ఎక్కడో పవర్‌లూమ్ ఆగిపోతే వెళ్ళాడు. పన్నెండుకి వచ్చాడు. ఈలోగా మాస్టారే కిరసనాయిలు అడిగి, డబ్బా మూతలో పోసి కత్తిని నానబెట్టారు. పాత బ్రష్షుతో తోమితే నల్లటి జిగురు దిగింది. సూదితో గాడి శుభ్రం చేశారు. కత్తి సగం తెరుచుకుని ఆగింది. మెకానిక్ వచ్చి, దాన్ని పెద్ద నట్టు మీద పడుకోబెట్టి, మేకుని రెండోవైపునుంచి సన్నటి ఇనుప పంచ్ పెట్టి సుత్తితో సుతారంగా మూడుసార్లు తట్టాడు. మిషను నూనె ఒక చుక్క వేశాడు. మూసి తెరిచి, మూసి తెరిచి, నా చేతికిచ్చాడు. ఒక్క వేలితో వచ్చింది. ఇంతేనా పని అన్నాను. మీరు కొట్టకపోతే ఇంకా తక్కువే అన్నాడతను.

ఆ పక్కనే మెస్సులో భోంచేశాం. మాస్టారు కొత్త కత్తికని తెచ్చిన డబ్బులోంచి నా భోజనానికి కూడా ఇవ్వబోతే, ఆ ఒక్క విషయంలో నేను గట్టిగా నిలబడ్డాను.

రెండున్నర బస్సులో మూడుంబావుకి పర్చూరు. టీ కొట్టు బస్టాండుకి దగ్గరే. మామగారు బల్ల మీద కూర్చుని ఉన్నారు, చుట్టూ పదిమంది దాకా. నేనూ మాస్టారూ కలిసి రావడం చూసి ఆయన గ్లాసు దించారు. నేను నిలబడే చెప్పాను. పాఠం చెప్పే గొంతు ఎంత వెతికినా దొరకలేదు. కత్తి నా దగ్గరే ఉందని, మాస్టారికి ఏ సంబంధమూ లేదని చెప్పి ఆయన చేతిలో పెట్టాను.

మామగారు బొటనవేలితో లాగారు. కత్తి టక్కున తెరుచుకుంది. ఆయన మొహం చిట్లించారు.

"ఇది నాది కాదు. నా కత్తి నేను ఏనాడూ తెరవలేకపోయాను. కొన్నప్పటినుంచీ మాస్టారే తెరిచిచ్చేవాడు."

మాస్టారు దగ్గరికెళ్ళి, పిడి మీద ఎప్పుడో లక్కతో పూడ్చిన పాత పగులు వేలితో చూపించారు. మామగారు ఆ పగులు తడిమారు. కత్తి మడిచారు, మళ్ళీ తెరిచారు. ఆయన కొట్టంతా వినపడేలా గొంతు పెంచారు.

"అందరూ వినండయ్యా. కత్తి పట్టుకుపోయింది మా అల్లుడు. మాస్టారు కాదు. నేను నోరు జారాను."

తర్వాత పక్కకి జరిగి బల్ల మీద చోటిచ్చారు. మాస్టారికి ముందు టీ ఇమ్మన్నారు. ఆయన కూర్చున్నారు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. రెండు గుక్కలయ్యాక మామగారే, దీన్ని మళ్ళీ కాస్త బిగించగలవా, జేబులో తెరుచుకుంటే తొడకి గుచ్చుకుంటుంది, అన్నారు. రేపు పొద్దున వచ్చి చూస్తానులే అన్నారు మాస్టారు.

ఆ తర్వాత అందరికీ ఆటపట్టించడానికి నేను మిగిలాను. జేబు బరువు తెలియలేదా అని ఒకరు, మెషీన్‌లో చప్పుడు రాలేదా అని ఒకరు. కొత్తగా ఎవరొచ్చినా మామగారు మొదటినుంచీ చెప్పారు. అయిదింటికి బస్సు రావడం నా అదృష్టం.

పేటలో బస్సు మారాను. గుంటూరు దగ్గరపడేసరికి మిరప లారీల ఘాటుకి బస్సులో సగం మంది తుమ్ముతున్నారు. అప్పుడు ఫోన్ మోగింది. మామగారు. ఇక్కడ ఒకాయన నమ్మడం లేదు అల్లుడూ, నువ్వే చెప్పు, అని ఫోన్ ఎవరికో ఇచ్చేశారు. సిగ్నల్ సరిగా లేదు. ఏంటి, ఏంటి అని అవతలాయన అరుస్తున్నాడు. నేనూ గొంతు పెంచాల్సొచ్చింది.

"కత్తి తీసుకెళ్ళింది నేనేనండీ."

బస్సులో తుమ్ములు ఆగిపోయాయి. నా ముందు సీటావిడ తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి చెప్పాల్సింది పెద్దగా లేదు. రోడ్డు బాగుంది, బస్సులు వేళకే దొరుకుతాయి, పేటలో ఇడ్లీ తినొచ్చు. ఫోన్లో అవతలాయన నమ్మాడో లేదో నాకు తెలియలేదు. కానీ అతని వెనకనుంచి మాస్టారు పెద్దగా నవ్వడం, ఆ నవ్వు మధ్యలో మా మామగారు దగ్గుతూ నవ్వడం స్పష్టంగా వినిపించాయి. గుంటూరు బస్టాండు వచ్చేదాకా నేను ఫోన్ పెట్టేయలేదు.