మిక్సర్‌కు కట్టిన మాల

2003లో నగరిలోని ఒక అద్దకం యూనిట్ నుంచి వచ్చే నీళ్లను పరీక్షించే పని మా తిరుపతి ల్యాబ్‌కు వచ్చింది. నూలు ఉతకడానికి వాళ్లు వాడే సబ్బు మందులను మేం సర్ఫాక్టెంట్లు అంటాం. వాటివల్ల కాలువ నిండా నురుగే. కాలువ పక్కనే దేశమ్మ అనే ఆమె బావి ఉంది. ఆ సబ్బు నీళ్లు అందులోకీ ఊరాయి. ఆమె రెండు ఆవులూ ఆ నీళ్లు ముట్టడం మానేశాయి. ఆ పాలు అమ్మితేనే ఆమెకు పూట గడిచేది.

యాక్టివేటెడ్ కార్బన్ అంటే ఒళ్లంతా సన్నని రంధ్రాలున్న బొగ్గు పొడి. అది సబ్బును పట్టి ఉంచుతుంది. కానీ ఊరికే పోస్తే అడుక్కు చేరి పడుకుంటుంది. కలుపుతూ ఉంటేనే ప్రతి రేణువుకూ కొత్త నీళ్లు తగిలి, సబ్బు త్వరగా రంధ్రాల్లోకి పోతుంది. యజమాని మునిరత్నం ముందు రెండు బీకర్లు పెట్టాను. అవే నీళ్లు, అంతే బొగ్గు. ఒకదాన్ని స్టిరర్‌తో కలిపాను, రెండోదాన్ని కదపలేదు. గంట తర్వాత వడగట్టి, సీసాల్లో పోసి కుదిపాను. కలపని నీళ్లు మూతిదాకా నురుగెత్తాయి. కలిపిన నీళ్లలో నురుగు పేరుకే ఉంది.

"అర్థమైనాది సార్. రేయింబగళ్లు తిప్పిస్తా" అన్నాడు. ట్యాంకు మీద మిక్సర్ బిగించారు. నేను భలే మురిసిపోయాను.

దసరా అయిన నెలకు మళ్లీ వెళ్లాను. మిక్సర్ ఆగి ఉంది.

"ఇప్పుడే కరెంటు పోయినాది సార్. పొద్దన్నుంచీ తిరగతానే ఉన్నింది."

ఆయుధపూజ నాడు మిక్సర్‌లో తిరిగే షాఫ్టుకూ పక్కన కదలని కమ్మీకీ కలిపి కట్టిన బంతిపూల మాల ఎండిపోయి, తెగకుండా అలాగే ఉంది.

"మరి మాల తెగలేదేం?"

"సామి పేరుతో కట్టింది సార్, తెంపితే అరిష్టం" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చూసిందంతా రిపోర్టులో రాశాను.

తనిఖీకి అధికారులు వచ్చిన రోజు మాల లేదు. మిక్సర్ హోరెత్తుతోంది. నేనే నీళ్లు పట్టాను, నేనే పరీక్షించాను. నీళ్లు బాగున్నాయి. నా రిపోర్టు చూపిస్తే "అది పాత సంగతి కదయ్యా" అన్నారు.

గేటు దగ్గర దేశమ్మ బిందెతో నిలబడి ఉంది. బిందెలో నురుగు.

"ఈడ నీళ్లు బాగుండాయంట గదా నాయనా. దినామూ ఇట్లే తిప్పమని చెప్పు."

"చెప్పానమ్మా."

"యాడ తిప్పతారు? మీ జీపు మలుపు తిరగతానే ఆపేస్తారు."

ఆమె చెప్పినట్టే జరిగింది. ఆ వేసవిలో ఆవులు రెండింటినీ సంతకు తోలేసింది. అమ్మేశాక బావివైపే వెళ్లడం లేదని విన్నాను.

ఇప్పుడు ఏ ప్లాంటుకు వెళ్లినా చెప్పకుండానే వెళతాను. నీళ్లు పట్టకముందే మిక్సర్ షాఫ్టు చూస్తాను. దేశమ్మ కొట్టం ఖాళీ అయ్యాక వచ్చిన తెలివి ఇది.