ఊరు విన్నాకే అచ్చుకు

ఓవెన్ తలుపు తీయగానే ఎండిన మట్టి వాసన గుప్పుమంది. పాలమూరు మట్టిని పరీక్షకు పెట్టిన ప్రతిసారీ నాకు యాదమ్మ మేడమే గుర్తొస్తారు. కూలి చేసిన తల్లి కడుపున పుట్టి, నేలల శాస్త్రంలో డాక్టరేటు తీసుకున్న మనిషి. మహబూబ్‌నగర్‌లో నా పరిశోధనకు ఆమే గైడు. ఆమె ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. ఏ వ్యాసమైనా పత్రికకు పంపే ముందు, వివరాలు చెప్పిన ఊరికి వెళ్లి తెలుగులో చదివి వినిపించాలి. రైతులు ఒప్పుకుంటేనే పంపాలి. పక్క ల్యాబులవాళ్లు దీన్ని మేడం హరికథ అనేవారు. మొదట్లో నాకూ చిరాగ్గానే ఉండేది.

నా వ్యాసం పదును గురించి. వాన పడ్డాక నేల మరీ తడిగా, మరీ పొడిగా కాక విత్తనానికి సరిగ్గా ఉండే స్థితిని మా రైతులు పదును అంటారు. కొల్లాపూర్ దగ్గరి ఊళ్లో చదివి వినిపిస్తే వాళ్లలో వాళ్లకే పడలేదు. తేలికపాటి ఎర్ర చల్క నేలకు నేను రాసింది సరేనన్నారు గాని, నల్లరేగడి దగ్గర వాదులాడుకున్నారు. చివరికి బాలమణి అనే రైతు తేల్చింది.

“చల్క ముచ్చట రేగడికి అతికిస్తే ఎట్ల? ఇంకో వానకాలం చూసి రాయున్రి.”

మేడం సరేనన్నారు. నేను పళ్లు నూరుకుంటూ ఇంకో వానాకాలం ఆగాను.

తీరా పంపితే విదేశీ పత్రిక నుంచి జవాబు వచ్చింది. పని బాగుందట, పదును అన్న మాట తీసేసి నేల తేమ అని రాయాలట, రైతుల పేర్లు అక్కర్లేదట. అప్పుడే నేనొక ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను. ఈ వ్యాసం అచ్చయితేనే అది వస్తుంది. ఇంటిల్లిపాదీ దాని మీదే ఆశ పెట్టుకున్నారు. ఒక్క మాటే కదా, తీసేద్దామన్నాను.

“మన రేగడిని రెగూర్ అని వాళ్ల బుక్కులల్ల రాసుకున్నరు. మాట తీస్కున్నరు, మనిషిని మర్చిండ్రు” అన్నారు మేడం. “తేమెంతనో మిషన్ చెప్తది. విత్తనం ఎయ్యాల్నా వద్దా అన్నది పదును చెప్తది. పేపరు నీది, నీ ఇష్టం. తీసేస్తే మాత్రం నువ్వే పోయి బాలమణికి చెప్పు.”

బాలమణికి ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా తోచలేదు. వ్యాసం వెనక్కి తీసుకుని వేరే పత్రికకు పంపాను. ఉద్యోగం చేజారింది. ల్యాబులోనే కూర్చుని ఏడ్చాను. మేడం ఓదార్చలేదు. చాయ్ తెప్పించి, తర్వాతి వ్యాసం మొదలుపెట్టించారు.

పదును అన్న మాటతో, రైతుల పేర్లతో ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి మేడం జబ్బుచేసి పోయారు. ఆమె దాన్ని చూడలేదన్న బాధ నాకింకా తీరలేదు. కాగితాలు పట్టుకుని ఒక్కదాన్నే ఊరికి వెళ్లాను. బాలమణి తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టి చూసుకుంది. మేడం రాలేదేమని అడిగింది. చెప్పాను. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది.

“గట్లయితే గిప్పటి సంది నువ్వే రావాలె” అంది.

ఇప్పుడు నాకూ ఒక ల్యాబుంది, విద్యార్థులున్నారు. వాళ్లను వెంటబెట్టుకుని వెళ్తూనే ఉన్నాను.