ఒక్కటే ఆట

ఆయన అచ్చాఫీసులో ప్రూఫ్‌రీడరు. పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులన్నీ దిద్దీ దిద్దీ, తన వల్ల ఒక్క తప్పు దొర్లుతుందంటే హడలిపోయేవాడు. చిన్నప్పుడు అన్నయ్య చేతిలో చదరంగంలో వరసగా ఓడి, నలుగురిలో నగుబాటైన రోజునే ఒట్టు పెట్టుకున్నాడు, గెలుస్తానన్న నమ్మకం కుదిరేదాకా మళ్లీ ఆడనని.

అప్పటినుంచి పత్రికల్లో వచ్చే చదరంగం పజిళ్లు కత్తిరించి, నోటు పుస్తకాల్లో అంటించి, సాధించడమే పని. "తెల్లపావులు మూడెత్తుల్లో ఆట కట్టించాలి" అని ఉంటే టీ చల్లారేలోపు కట్టించేవాడు. పదకొండు పుస్తకాలు నిండాయి.

అన్నయ్య బస్సుల మెకానిక్కు. పజిల్ మొహం ఎరగడు. భోజనాల వేళ డిపోలో ఎవరు దొరికితే వాళ్లతో ఆడేవాడు, ఓడేవాడు, పకపకా నవ్వేవాడు. ఆదివారం తమ్ముడింటికొచ్చి బల్ల మీద పావులు పేర్చేవాడు.

"రారా, ఒక్కాట."

"ఇంకా సిద్ధం కాలేదన్నయ్యా."

"గట్టు మీద కూచుని ఎన్నాళ్లు ఈత నేర్చుకుంటావురా?"

గుండెజబ్బు ముదిరి అన్నయ్య ఆసుపత్రిలో పడ్డాక గానీ తమ్ముడు పావు ముట్టలేదు. మందుల ట్రే పక్కకు జరిపి, మంచం మీదే ఆడారు. ఇరవై ఎత్తులకే తమ్ముడికి చెమటలు పట్టాయి. పజిల్లో అయితే గెలుపు ఉందని ముందే రాసి ఉంటుంది, వెతుక్కుంటే చాలు. ఇక్కడ ఉందో లేదో చెప్పే నాథుడే లేడు. పైగా అన్నయ్యవన్నీ ఏ పుస్తకంలోనూ లేని వంకర ఎత్తులు. ఓడిపోయాడు. వింతేమిటంటే, సిగ్గనిపించలేదు. నవ్వొచ్చింది.

"రేపు చెబుతా నీ పని!"

"రా, చూద్దాం" అన్నాడు అన్నయ్య ఆయాసపడుతూనే.

తెల్లారేసరికి అన్నయ్య లేడు.

కొన్నాళ్లకు వదిన చెప్పింది. "ఆ సాయంత్రం మీరెళ్లాక ఒకటే సంబరం మరిదిగారూ. 'వాడికి ఎత్తులన్నీ వచ్చు, ఆడటమే అలవాటు లేదు. ఇంకో పదాటలు ఆడితే నన్ను నిలవనివ్వడు' అన్నారు."

ఆయన ముప్ఫయ్యేళ్లలో ఎన్ని ఆదివారాలో లెక్కవేయబోయి, వేయలేక, గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు.

తర్వాత అచ్చాఫీసు కాపలాదారుతో మధ్యాహ్నాలు ఆడసాగాడు. నెలరోజులు ఓడి, ఒకనాడు గెలిచాడు.

"భలే ఆట కట్టించారండీ!" అంటూ కాపలాదారు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అందుకోకుండానే ఆయన లేచి మెట్ల దగ్గరకు వెళ్లిపోయాడు. ఆ గెలుపు ఎవరికి చెప్పుకోవాలో ఆయనకు తెలియలేదు.