నా పేరు మీద ఐదు నంబర్లు

మా అమ్మాయి ఆఫీసు మహదేవపురలోనే, మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. ఒక శుక్రవారం అక్కడ వాళ్ళకు సైబర్ మోసాల గురించి క్లాసు చెప్పారు. ఆ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ అది నా ఫోన్ తీసుకుని ప్రభుత్వ వెబ్‌సైటు ఒకటి తెరిచింది. ఒక మనిషి పేరు మీద ఎన్ని సిమ్ కార్డులున్నాయో అందులో కనిపిస్తుందట. నాకు తెలిసి నా పేరు మీదున్నవి రెండే, నాదీ మా ఆయనదీ. ఆయనకు చిక్కపేటలో బట్టల షాపు. గల్లా వదిలి రావడం కుదరక ఆయన సిమ్ కూడా అప్పట్లో నేనే తీసుకున్నాను.

స్క్రీను మీద ఐదు వచ్చాయి.

"అమ్మా, నీ ఐడెంటిటీ ఎవరో వాడేస్తున్నారు. ఏదైనా ప్రొటెక్షన్ సర్వీస్ తీసుకో, లేట్ చెయ్యకు," అంది మా అమ్మాయి.

మా ఆయన ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, మాటల్లో కన్నడం దొర్లుతుంది. పేపరు మడిచి పక్కన పెట్టి, "మీయమ్మ పేరు ఎత్తుకోని పోయి ఎవురేం చేసుకుంటారప్పా? సుమ్మనే భయపెట్టొద్దు," అన్నాడు.

ప్రతి నంబరు పక్కనా మూడు బటన్లున్నాయి: నా నంబరు కాదు, అక్కర్లేదు, కావాలి. నంబర్లు పూర్తిగా చూపించరు, చివరి నాలుగు అంకెలే. మాకు తెలియని మూడింటికీ మొదటి బటన్ నొక్కబోయింది అమ్మాయి. నేను ఫోన్ లాక్కున్నాను. ఎందుకు ఆపావంటే అప్పుడు నేను చెప్పలేకపోయేదాన్ని. నా పేరు మీద ఉన్నదాన్ని నాది కాదని అంత తొందరగా అనబుద్ధి కాలేదు.

మర్నాటికి అమ్మాయి మూడు సర్వీసుల లింకులు పంపింది. మధ్యాహ్నం భోజనమయ్యాక నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. మొదటిది మా క్రెడిట్ కార్డు వాళ్ళది. రెండోది ఒక యాప్, అది దొంగిలించిన వివరాలు అమ్ముకునే డార్క్ వెబ్ మీద కన్నేసి ఉంచుతుందట. మూడోది ఒక ఇన్సూరెన్స్ కంపెనీది. మూడూ రెండేసి సార్లు చదివినా ఏది దేనికి పనికొస్తుందో తలకెక్కలేదు. పైగా మొదటి పేజీలోనే ముగ్గురూ నా ఆధార్, పాన్, ఫోన్ నంబర్లు, ఈమెయిల్ అన్నీ అడిగారు. నా వివరాలు ఎవరి చేతిలోనూ పడకూడదని వెళితే, ముందు వాళ్ళ చేతిలో పెట్టమంటున్నారు. నోటుపుస్తకంలో ఒక గీత గీసి దానికి అటూ ఇటూ ఏం రాయాలో తెలియక మూసేశాను.

మూడోదానికి తెలుగులో మాట్లాడే హెల్ప్‌లైన్ ఉంది. ఫోన్ చేస్తే ఒకబ్బాయి ఓపిగ్గానే మాట్లాడాడు.

"మీ డేటా ఎక్కడైనా లీక్ అయితే వెంటనే అలర్ట్ పంపిస్తాం మేడమ్."

"లీకైన తర్వాతా?"

"అవును మేడమ్. అప్పుడు మీరు పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు."

"ఆధార్ నంబరు లీకైతే దాన్ని మార్చుకోలేను కదా?"

"అది కుదరదు మేడమ్," అన్నాడు.

నా పేరు మీదున్న సిమ్‌ల సంగతి చెప్పాను. పాలసీ తీసుకోకముందు జరిగినవి తమ కిందికి రావన్నాడు. తర్వాత, "ఎవరికైనా మీరే తీసిచ్చారేమో గుర్తు తెచ్చుకోండి. మీరే ఇచ్చుంటే అది దొంగతనం కాదు కదా మేడమ్," అన్నాడు.

ఆ మాటతో ఫోన్ పెట్టేసి, ఆ మూడు నంబర్ల చివరి అంకెలు కాగితం మీద రాసుకుని నా ఫోన్లో ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఒకటి మేము ఎప్పుడో మానేసిన ఇంటర్నెట్ డాంగిల్‌ది. ఇంకొకటి "అత్తమ్మ ఆయా" దగ్గర దొరికింది.

మా అత్తగారు మంచాన పడినప్పుడు కోలారు వైపు నుంచి ఒకామె వచ్చి నాలుగేళ్ళు మా ఇంట్లో ఉండి చూసుకుంది. ఆధార్‌లో పేరు తప్పు పడిందని ఆమెకు ఎక్కడా సిమ్ ఇవ్వలేదు. నేనే తీసిచ్చాను. అత్తగారు పోయాక ఆమె సర్జాపుర వెళ్ళిపోయింది, అక్కడి అపార్ట్‌మెంట్లలో వంట చేస్తోంది. సిమ్ సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను.

ఫోన్ చేస్తే వెంటనే ఎత్తింది. "అక్కా, బాగుండావా? ఎన్నాళ్ళకి చేసినావు."

"ఈ నంబరు ఇంకా నువ్వే వాడుతున్నావా?"

"నాదగ్గరే ఉండాది అక్కా. పని ఇండ్లోళ్ళంతా దీనికే చేస్తారు. బ్యాంకు మెసేజీలు, పాప కాలేజీవి, అన్నీ దీనికే వస్తాయి." అంతలోనే గొంతు తగ్గించి, "తప్పేమన్నా అయిందా అక్కా?" అని అడిగింది.

తప్పేమీ లేదన్నాను కానీ, ఆదివారం ఆ బటన్ నొక్కి ఉంటే ఆమెకు వచ్చే ఫోన్లూ మెసేజీలూ అన్నీ ఆగిపోయేవి. సాయంత్రం మా అమ్మాయికి చెబితే, "అయినా రిస్కే అమ్మా. ఆ నంబరుతో రేపేం జరిగినా పోలీసులు నీ దగ్గరికే వస్తారు," అంది. అదీ నిజమే. దోచుకున్నవాళ్ళు ఎవరూ లేరు, కానీ భద్రంగానూ లేను.

ఆయా తన ఆధార్‌లో తప్పు ఎప్పుడో దిద్దించుకుందట. మరుసటి వారం సిమ్ ఆమె పేరు మీదికి మార్చడానికి ఇద్దరం సర్జాపురలో ఫోన్ కంపెనీ షాపుకి వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి ఇద్దరి ఫొటోలూ తీసి, మీరిద్దరూ ఏమవుతారని అడిగింది. నేను చెప్పేలోగా నా పక్కనున్న ఆమే, "మా యక్క," అంది. సంతకం పెట్టేముందు నా వైపు తిరిగి, "నా పేరు మీదికొస్తే మోసగాళ్ళు దినామూ నాకే చేస్తారా అక్కా?" అని అడిగింది. ఇప్పుడు కూడా నీకే చేస్తున్నారు కదా అంటే నవ్వి సంతకం పెట్టింది.

డాంగిల్ నంబరుకు అక్కర్లేదని నొక్కాను. ఐదోదాని అంకెలు మాత్రం ఏ డైరీలోనూ దొరకలేదు. చిక్కపేట జెరాక్స్ షాపుల్లో వదిలేసిన ఆధార్ కాపీలు, తిరుపతిలో గది కోసం ఇచ్చిన కాపీలు, గ్యాస్ ఏజెన్సీలో ఇచ్చినవి, అన్నీ తలుచుకున్నాను. ఆయా సంగతి మరిచిపోయినదాన్ని, ఇంకెవరికైనా ఇచ్చి మరిచిపోయానేమో.

"తెలీకుంటే తెలీదని నొక్కు. ఇంకేం చేస్తావు," అన్నాడు మా ఆయన.

తెలియదు అనే బటన్ అందులో లేదు. మూడు రోజులు చూసి, నా నంబరు కాదని నొక్కాను.

సర్వీసు మాత్రం ఆ ఇన్సూరెన్స్ వాళ్ళదే తీసుకున్నాను. యాప్ బాగుంటుందని మా అమ్మాయి అంది. ఏవి తమ కిందికి రావో దాచకుండా చెప్పింది ఆ అబ్బాయి ఒక్కడేనని నాకనిపించింది.

కొన్ని వారాల తర్వాత చూస్తే జాబితాలో రెండే మిగిలాయి. ఐదో నంబరు ఎవరిదో, అది ఆగిపోయినప్పుడు వాళ్ళు ఏం చేసుకున్నారో ఎవరూ చెప్పలేదు. ఎవరైనా నన్ను వెతుక్కుంటూ ఫోన్ చేస్తారేమోనని ఆ వారమంతా తెలియని నంబర్ల నుంచి వచ్చినవన్నీ ఎత్తాను. లోన్ కావాలా అని ఒకామె అడిగింది. ఫ్లాటు చూడటానికి ఎప్పుడొస్తారని ఇంకొకతను అడిగాడు. అలా ఎత్తకూడదని క్లాసులో చెప్పారని మా అమ్మాయి కోప్పడింది.