పిన్నిగారి రెండు కాయలు

కోర్టు అమీనా బడికే వచ్చాడు. ఇంటికొచ్చినా బావుండేది. మధ్యాహ్నం బెల్లు కొట్టబోతుండగా మా ఆయా తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి, "టీచరుగారండీ, కోర్టు నుంచి ఎవరో వచ్చేరండి" అని పిల్లలందరికీ వినబడేలా చెప్పింది. స్టాఫ్ రూములో అందరూ క్యారేజీలు విప్పుకుంటున్నారు. ఆయన నా చేతిలో సమన్లు పెట్టి, దాంతోపాటు దావా నకలు పెట్టి, సంతకం ఎక్కడ చెయ్యాలో వేలితో చూపించాడు. నేను చేసిన సంతకం నా సంతకంలా లేదు. కాగితం మీద ప్రతివాది అన్న చోట నా పేరుంది. వాది అన్న చోట మా వెనక దొడ్డి పిన్నిగారి పేరుంది.

ఆ రోజు అన్నం తినలేదు. మా ఇంటా వంటా కోర్టు మెట్లెక్కినవాళ్ళు లేరు. తోటి టీచర్లు ఏమనుకుంటున్నారో, ఆయా ఎంతమందికి చెప్పేసిందో అన్నదే నా బాధ. అప్పుడు నేను పడ్డదంతా సిగ్గే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అది ఉత్త పరువు బెంగ.

మా వైపు కొబ్బరితోటని దొడ్డి అంటాం. అమ్మ తరవాత నాకొచ్చిన దొడ్డి, అందులోనే ఇల్లు, కాలవగట్టుని ఆనుకుని ఉంటాయి. దాని వెనక పిన్నిగారి దొడ్డి, ఆవిడ ఇల్లు. ఆవిడ మాకు చుట్టం కాదు. అమ్మకి స్నేహితురాలు, ఇద్దరిదీ ఒకటే చర్చి, అందుకని పిన్నిగారయ్యారు. ఆవిడ గట్టు మీదికొచ్చి ఆటో ఎక్కాలన్నా, ఆవిడ కాయలు గట్టు మీదికి చేరాలన్నా మా దొడ్డిలోంచే నడక. రెండు దొడ్లకీ మధ్య కొబ్బరాకుల దడి ఉండేది. ఏటా కొత్త దడి కట్టించినప్పుడల్లా ఒకచోట మనిషి పట్టేంత జాగా వదిలి, తీసి వేసుకునేలా ఆకులతో అల్లిన తడిక పెట్టేవారు. ఫలానా చోట వదలమని ఎవరూ చెప్పక్కర్లేదు. దడి కట్టేవాళ్ళకే తెలుసు.

రెండు నెలలకోసారి చెట్లెక్కి కాయలు దింపించడం ఉంటుంది కదా, దాన్ని దింపు అంటాం. పిన్నిగారి దొడ్లో దింపైన సాయంత్రం మా అరుగు మీద రెండు కాయలు ఉండేవి. ఆవిడ దొడ్లో తూర్పు మూల ఒక చెట్టుంది. దాని కాయ చిన్నది, కొబ్బరి మాత్రం మందంగా, తియ్యగా ఉంటుంది. ఐదారేళ్ళప్పుడు నేను ఆ కొబ్బరితో చేసిన లౌజు తిని, ఇక మా కాయలతో అమ్మ ఎంత బాగా చేసినా మూతి తిప్పేసేదాన్నట. అప్పటినుంచీ ప్రతి దింపుకీ ఆ చెట్టు కాయలు రెండు విడిగా తీయించి, "పాపకి లౌజుకి" అని పట్టుకొచ్చేవారు. పాపకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, షుగరొచ్చి లౌజు మానేసింది. కాయలు మాత్రం మానలేదు.

ఇక గోడ సంగతి. దడి కట్టే మనుషులు దొరకడంలేదని, సిమెంటు పలకలు తెప్పించి గోడ పెట్టించడం మొదలుపెట్టాను. ఊళ్ళో అలాంటి గోడ మాదే మొదటిది, అందుకని కాస్త గర్వం కూడా. మేస్త్రి బడికి ఫోను చేసి, "ఎనకవైపు గేటు ఎక్కడెట్టమంటారండీ?" అని అడిగాడు. హెడ్మాస్టరుగారితో ఏదో మాటామాటా అయి చిరాకులో ఉన్నాను. "గేటెందుకు? గోడంటే గోడే" అన్నాను. అలా ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పిన్నిగారు గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చారు, ఒక్క క్షణం. తరవాత చూద్దాంలే అనుకున్నాను.

మర్నాడు ఆవిడ గోడకి అవతల నిలబడి నన్ను కేకేశారు. "పాపా, ఈళ్ళు తడిక మాటే మర్చిపోయేరే" అన్నారు. తప్పు మేస్త్రిది అనుకున్నారు. నేను అవునని గాని కాదని గాని అనలేదు. "సెలవుల్లో పగలగొట్టిస్తానండి పిన్నిగారూ" అన్నాను. సెలవులొచ్చాయి, వెళ్ళాయి. అన్నాళ్ళూ ఆవిడ రొయ్యల చెరువుల పక్కనుంచి, పుంత అనే మట్టిబాట మీదుగా, బురదలో చుట్టూ తిరిగి గట్టెక్కారు. డెబ్భై దాటిన మనిషి. ఒకరోజు అలాగే చుట్టూ తిరిగి మా ఇంటికొచ్చారు. అప్పుడు మా ఆడపడుచు వాళ్ళొచ్చి ఉన్నారు, వాళ్ళకి గోడ చూపిస్తున్నాను. "మన తడిక సంగతి ఏం చేసేవే పాపా?" అని ఆవిడ అందరి ముందూ అడిగేసరికి నాకు చర్రుమంది. "చుట్టూ దారుంది కదండీ, నాలుగడుగులు నడిస్తే ఏమవుతుంది?" అన్నాను.

"ఆయ్" అన్నారు పిన్నిగారు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. దావా వేసింది ఆ నెలలోనే.

అమలాపురంలో ఒక ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాను. ఒళ్ళంతా మంటగా ఉంది. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి నా మీద దావా వేస్తుందా అని. ప్లీడరుగారు కాగితాలు చదివి, "ఆవిడ ఎన్నాళ్ళనుంచి నడుస్తున్నారండీ?" అని అడిగారు.

"నేను పుట్టకముందు నుంచీనండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ మాట ఇంకెక్కడా అనకండి టీచరుగారూ. ఇరవై ఏళ్ళు తన హక్కన్నట్టు నడిస్తే చట్టం ఆ దారి ఆవిడకి ఇచ్చేస్తుంది. మీరు నడవనిస్తే నడిచేరనుకోండి, వందేళ్ళయినా హక్కు రాదు. మిమ్మల్ని అడిగి నడిచేవారా?"

"అడగడమేముందండీ."

"పోనీ, ఎప్పుడన్నా ఏదన్నా ఇచ్చేవారా?"

"దారికని కాదండి గాని, దింపుకి రెండు కాయలిచ్చేవారు" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. దారికని కాదు అన్న ముక్క రాసుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను. అది కూడా రాయండని అనలేదు.

వారం తరవాత జవాబు టైపు చేయించి ఇచ్చారు. వాది మా దొడ్డిలో ఏనాడూ హక్కుగా నడవలేదు, మా కుటుంబం దయతో అనుమతిస్తే, అందుకు ప్రతిగా ప్రతి దింపుకీ రెండేసి కాయలు సమర్పించుకుని నడిచేది అని ఉంది అందులో. చివర, పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం అని, దాని కింద నా సంతకానికి జాగా. ఇంటికి తెచ్చి మా ఆయనకి చూపించాను. ఆయన చదివి, "సమర్పించుకోవడమేంటే, ఆవిడేమన్నా మొక్కు తీర్చుకుందా?" అన్నారు.

"కోర్టు భాష అలాగే ఉంటుంది. మీకు తెలీదు, ఊరుకోండి" అన్నాను.

ఆయన కాగితం నా చేతికి తిరిగిచ్చేశారు. నేను సంతకం పెట్టాను. ఈసారి సంతకం చక్కగా కుదిరింది.

మా చర్చిలో నెలకి మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ముందు, ఎవరితోనైనా విరోధముంటే సమాధానపడి రండని పాస్టరుగారు ప్రతిసారీ అంటారు. ప్రతిసారీ వినేదాన్నే. ఆ నెల మాత్రం ఆయన నా వైపే చూసి అన్నట్టనిపించింది. పిన్నిగారు నాకు రెండు వరసల ముందు కూర్చున్నారు, తెల్ల చీర కొంగు తలమీదికి లాక్కుని. ఆవిడ లేచి ముందుకెళ్ళారు. నేను లేవలేదు. పక్కావిడ ఏమైందని అడిగితే కడుపులో నొప్పన్నాను. దేవుడి గుడిలో కూర్చుని అదొక అబద్ధం.

ఏడాదిన్నర వాయిదాలు నడిచాయి. కోర్టు వరండాలో ఫాను కింద ఒక్కటే బల్ల. ఒకసారి నేను ముందొస్తే ఆవిడ ఆ చివర, ఒకసారి ఆవిడ ముందొస్తే నేను ఈ చివర. ఒక వాయిదాకి నాకు దగ్గు తెర వస్తే ఆవిడ తన నీళ్ళ సీసా మూత తీసి బల్ల మీద నా వైపుకి జరిపారు. నేను తాగలేదు. దగ్గుకుంటూ కూర్చున్నాను. ఎంత పొగరో.

చివరికి ఆవిడ బోనెక్కే రోజొచ్చింది. మా ప్లీడరుగారు చాలా మర్యాదగా అడిగారు. "ప్రతి దింపుకీ ప్రతివాది ఇంట్లో రెండు కాయలిచ్చేవారా అమ్మా?"

పిన్నిగారి మొహం ఒక్కసారిగా తేటపడింది. అంతవరకూ సర్వే నంబర్లనీ కొలతలనీ అడుగుతుంటే తడబడుతున్నారు. ఇప్పుడు తనకి బాగా తెలిసిన సంగతి అడిగారు.

"ఆయ్, ఇచ్చేదాన్నండి. ఒక్క దింపుకీ తప్పలేదండి."

"తప్పకుండా ఇచ్చేవారన్నమాట."

"తప్పకుండానండి. వానొచ్చినా పట్టుకెళ్ళి అరుగు మీదెట్టేదాన్నండి" అని నా వైపు చూశారు. కావాలంటే పాపని అడగండి అన్నట్టుంది ఆ చూపు. తన మంచితనానికి అదో సాక్ష్యం అనుకున్నారు పాపం. అది తన దావాకే గొడ్డలిపెట్టని ఆ గదిలో ఆవిడకొక్కర్తికే తెలీదు.

తరవాత నా వంతు. దేవుని ఎదుట నిజమే చెబుతానన్నాను. ఆవిడ ప్లీడరు కాసేపు అవీ ఇవీ అడిగి, "ఆ రెండు కాయలూ మీ మీద ప్రేమతో ఇచ్చినవే తప్ప దారి కోసం ఇచ్చినవి కావంటాను, ఏమంటారు?" అన్నాడు.

మా ప్లీడరుగారు దీనికి ముందే నన్ను సిద్ధం చేశారు. అయినా ఒక్క క్షణం నోట్లో ఆ లౌజు తీపి తగిలింది. ఔనండి అంటే అయిపోయేది. మహా అయితే గోడకి ఒక గేటు పెట్టాల్సొచ్చేది. నేను ఓడిపోయానని ఆయా నాలుగిళ్ళకి చెప్పేది.

"నిజం కాదండి" అన్నాను.

టైపిస్టు ఆ మాట టకటకా కొట్టింది. పిన్నిగారు నన్ను చూడలేదు. పైన తిరుగుతున్న ఫాను కేసి చూస్తూ కూర్చున్నారు.

దావా కొట్టేశారు. వాది స్వయంగా ఒప్పుకున్నందువల్ల అని తీర్పులో ఆ కాయల మాట రెండుసార్లు వచ్చింది. ప్లీడరుగారు ఫోను చేసి, "గెలిచేమండి టీచరుగారూ" అన్నారు. సంతోషమండి అన్నాను. స్టాఫ్ రూములో అందరూ అభినందించారు. మా ఆయన మాత్రం లేచి చెట్లకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళారు.

పిన్నిగారు అప్పీలుకి వెళ్ళలేదు. నెల రోజులు చూసి, నేనే మేస్త్రిని పిలిపించి, ఒకప్పుడు తడిక ఉన్నచోటే గోడ పగలగొట్టించి గేటు పెట్టించాను. ఆ గేటులోంచి ఆవిడ ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. పుంత మీదుగా చుట్టూ తిరిగే వెళ్ళాను. చెరువు గట్లు జారుతున్నాయి, రెండుచోట్ల చెప్పు బురదలో దిగబడిపోయింది. నాలుగడుగులు కాదది.

ఆవిడ చీపురుపుల్లలు చీరుతున్నారు. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశారు. "కూర్చోండి టీచరుగారూ" అన్నారు.

ఆవిడ నోట నన్ను మీరనడం అదే మొదలు.

"గేటు పెట్టించాను పిన్నిగారూ. తాళం కూడా లేదు. ఎప్పట్లాగే రండి" అన్నాను.

"మీరు రమ్మంటే వస్తే అది మీ దయంటండి. కోర్టువారు చెప్పేరు కదండీ" అన్నారు. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. కొత్తగా నేర్చుకున్న సంగతి అప్పజెబుతున్నట్టు అన్నారు. "నాకు తెలీక ఇన్నాళ్ళూ అడక్కుండా నడిచేసేనండి."

నాకు ఏడుపొచ్చేసింది. "ఆ కాయలు లౌజుకని నాకు తెలుసండి పిన్నిగారూ" అన్నాను.

"మీకు తెలుసునని నాకూ తెలుసండి" అన్నారు ఆవిడ. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, మళ్ళీ పుల్లలు చీరుకోవడానికి కూర్చున్నారు. నేను నీళ్ళు తాగి, వచ్చిన దారినే వచ్చేశాను.

మొన్న వాళ్ళ దొడ్లో దింపైంది. గేటు బార్లా తీసే ఉంచాను. కాయలన్నీ పుంత మీదుగా, చెరువుల పక్కనుంచి చుట్టూ మోయించుకున్నారు. పొద్దు వాలాక, ఇంట్లో ఎవరూ చూడకుండా, సిగ్గు లేక నేను రెండుసార్లు అరుగు మీదికి వెళ్ళి చూశాను.